అలిగిన పూల్ హీటర్‌ను దారికి తెచ్చుకోవడం ఎలా?

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో పూల్ ఉన్న ఇల్లు కొన్న తెలుగువాడికి మార్చిలో ఒక శనివారం వచ్చి తీరుతుంది. ఆ సాయంత్రం నాలుగింటికి పిల్లాడి పుట్టినరోజు. పాతికమంది పిల్లలు టవళ్లు భుజానేసుకుని వస్తారు. మీ గ్యాస్ హీటరేమో వెలిగిన ఐదు నిమిషాలకే టప్పున ఆరిపోతుంది. కంగారు పడకండి. మూడేళ్లుగా ఈ విద్యలో నలిగినవాణ్ని, నేను చెప్పినట్టు చేయండి.

ఆరిన వెంటనే మళ్లీ ఆన్ చేయండి. మళ్లీ ఆరితే మళ్లీ. హీటరంటే అలకపాన్పు ఎక్కిన కొత్తల్లుడు. ఎంత బెట్టు చేసినా చివరికి దిగక ఎక్కడికి పోతాడు? నేను ఒక్క పూటలో పదిహేడుసార్లు బతిమాలాను. ఎందుకు అలిగావని మాత్రం అడక్కండి, అడిగితే బండి కావాలంటాడు. డిస్‌ప్లే మీద ఏదో కోడ్ వస్తుంది. దాని అర్థం మా హీటర్ మూత లోపలివైపే అతికించి ఉందట. అది చదవాలంటే నాలుగు స్క్రూలు విప్పాలి. ఎవరు విప్పుతారండీ?

స్కిమ్మర్ బుట్ట జోలికి అసలు పోకండి. ఇక్కడి లైవ్ ఓక్ చెట్లు అన్ని చెట్లలా చలికాలం ముందు ఆకులు రాల్చవు, సరిగ్గా మనం పూల్ వేడి చేసుకునే వసంతంలోనే రాలుస్తాయి. మా ఆవిడ బుట్ట పైకెత్తి నా ముక్కు కింద పెట్టింది. రుబ్బిన గోరింటాకు ముద్దలా అణిగిపోయిన ఆకులు, అందులో పిల్లాడి నీలం సాక్సు, దాని మీద ఒక కప్ప. కప్ప నిక్షేపంగా ఉంది. అంటే నీళ్లు బాగానే పారుతున్నట్టే కదా అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు.

క్లోరిన్ బిళ్లలు కూడా ఆ బుట్టలోనే పడేయండి, చేతికి దగ్గర. ఆ ఆమ్లపు నీళ్లు తిన్నగా వెళ్లి హీటర్‌లోని రాగి గొట్టాలను కొరుకుతాయి, కొన్నాళ్లకు పూల్ గోడల మీద నీలి, ఆకుపచ్చ చారలు తేలతాయి. సముద్రపు రంగు ఉచితం.

ఫిల్టర్ మీద చిన్న గడియారంలా ప్రెషర్ గేజ్ ఉంటుంది. శుభ్రంగా ఉన్నప్పటి అంకె మీద ఎనిమిదో పదో పీఎస్ఐ పెరిగితే కడగమంటారు. మాది 14 ఉండాల్సింది 29 చూపించింది. మార్కులైనా ప్రెషరైనా ఎక్కువ రావడమే గొప్పని పెరిగినవాళ్లం, సంతోషించాను. ఫిల్టర్ పూడుకుపోయి నీళ్లు ఇవతలే ఆగి ఒత్తిడి పెరిగిందనీ, అవతలున్న హీటర్‌కి సన్నటి ధారే అందుతోందనీ టెక్నీషియన్ అన్నాడు. డబ్బు పుచ్చుకున్నవాడు ఏదో ఒకటి అనాలిగా!

ఇక పంపు. 2021 జూలైలో అమెరికా ప్రభుత్వం పూల్ పంపులకు పొదుపు నిబంధనలు పెట్టాక కొత్తగా బిగించేవి చాలావరకు వేరియబుల్ స్పీడ్‌వే. దాన్ని 1,200 ఆర్‌పీఎంలో పెట్టి మరిచిపోండి. నీళ్లు చాలినంత రాకపోతే హీటర్‌లోని ప్రెషర్ స్విచ్ మంట ఆపేస్తుంది, నిజమే. కానీ కరెంటు బిల్లుతో పాటు గ్యాసు బిల్లూ మిగలడం మీరు గమనించాలి.

ఆ స్విచ్ పీకేసి వైర్లు కలిపేద్దామా అని కూడా అడిగాను. టెక్నీషియన్ సంచీ సర్దేసుకున్నాడు. నీళ్లు కదలకుండా మంట మండితే రాగి గొట్టాల్లో నీళ్లు మరిగి ఆవిరవుతాయట, ప్లాస్టిక్ పైపులు మెత్తబడి వంగిపోతాయట. నీళ్లు పోయడం మరిచి ఇడ్లీ పాత్ర పొయ్యెక్కించిన ఇంట్లో పుట్టాను, ఆ వాసన నాకు తెలుసు. ఈ ఒక్క సలహా వెనక్కి తీసుకుంటున్నాను, చేయకండి.

హీటర్ ఎప్పుడు వేయాలి? చుట్టాలు రావడానికి రెండు గంటల ముందు. మా అమ్మాయి కేకు డబ్బా మీద ఏదో లెక్క వేసింది. పూల్‌లో 15,000 గ్యాలన్లు, గ్యాలన్ బరువు 8.34 పౌండ్లు, పౌండు నీళ్లు ఒక ఫారెన్‌హీట్ డిగ్రీ వేడెక్కడానికి ఒక బీటీయూ. అంటే డిగ్రీకి 1,25,100. మన హీటర్ గంటకు 4 లక్షల బీటీయూలు మండించి, నూటికి 82 పాళ్లు నీళ్లకు ఇచ్చినా గంటకు రెండున్నర డిగ్రీలు దాటితే గొప్ప. 58 నుంచి 84కి తేవాలంటే పది గంటలు నాన్నా, అంది. థర్మోస్టాట్ 104కి తిప్పితే త్వరగా కాగదా అన్నాను. డబ్బా మూసేసింది.

పిల్లలు పూల్ చుట్టూ పరుగెత్తి, కేకు తిని వెళ్లిపోయారు. చీకటి పడ్డాక మా ఆవిడ బుట్ట దులిపింది, ఫిల్టర్ విప్పి గొట్టంతో కడిగింది, పంపును 2,800కి పెంచింది. కప్పను కంచె అవతల వదిలింది. అప్పుడు నేను వెళ్లి పద్దెనిమిదోసారి బటన్ నొక్కాను. తెల్లారేదాకా ఆరలేదు. పదిహేడుకే విసిగిపోయేవాళ్లకు నేనేం చెప్పగలను?