98 శాతం మహిమ

కార్పొరేట్ కాలేజీల ర్యాంకుల ప్రకటనల తర్వాత అంత గర్వంగా కనిపించే అంకె ఏదైనా ఉందంటే, అది ఫ్యాక్టరీ బ్రోషర్లలో ఉండే 98 శాతమే. ఉత్ప్రేరకం సాయంతో కాల్చే యంత్రం, క్యాటలిటిక్ ఆక్సిడైజర్ పెట్టాం, టోలుయిన్, మిథనాల్ లాంటి సాల్వెంట్ల ఆవిర్లలో నూటికి 98 పాళ్లు కార్బన్ డయాక్సైడూ నీళ్లూ అయిపోతున్నాయి అంటారు. పక్కన ఆకుపచ్చ ఆకు బొమ్మ. ఆకు లేకపోతే లెక్క చెల్లదు కాబోలు.

యంత్రంతో తగువేమీ లేదు. 1817లో హంఫ్రీ డేవీ బొగ్గు గ్యాసూ గాలీ కలిసిన చోట వేడి ప్లాటినం తీగ పెడితే, మంట లేకుండానే అది ఎర్రగా వెలుగుతూ ఉండిపోయింది. ఇప్పుడు సిరామిక్ మీద పూసిన ప్లాటినం, పల్లాడియం చేసేదీ ఆ పనే. ఉత్త మంటతో కాల్చడానికి దాదాపు 800 డిగ్రీల వేడి కావాలి. ఉత్ప్రేరకం ఉంటే చాలాసార్లు 300 నుంచి 500 చాలు.

చిక్కల్లా ఆ 98 దేని మీద లెక్క అన్నదే. యంత్రంలోకి వెళ్లిన ఆవిరి మీద మాత్రమే! రియాక్టర్ మూత తెరిచినప్పుడు, డ్రమ్ములు నింపేటప్పుడు, సెంట్రిఫ్యూజ్ ఖాళీ చేసేటప్పుడు గాల్లో కలిసిపోయేది ఆ లెక్కలోకే రాదు. సగం ఆవిరినే పట్టి లోపలికి పంపితే, మొత్తం మీద కాలేది 49 శాతం. మిగతా 51 ఊరి మీదికి.

అమెరికా పర్యావరణ సంస్థ ఈ తెలివితేటలు ముందే పసిగట్టింది. ఆవిరంతా పట్టామని చెప్పుకోవాలంటే, దాని 204వ పద్ధతి ప్రకారం పనిచోటు చుట్టూ గది ఉండాలి, తెరిచి ఉన్న కంతలన్నీ కలిపినా గది ఉపరితలంలో 5 శాతం మించకూడదు, గాలి లోపలికే వీచాలి. నాలుగు స్తంభాల మీద రేకులు పరిచిన షెడ్డుకు ఈ కొలత పెడితే, 5 శాతం ఉన్నవి కంతలా గోడలా అని ఇన్‌స్పెక్టరే తికమక పడాలి.

బల్క్‌డ్రగ్ యూనిట్లు వాడే డైక్లోరోమీథేన్‌ది మరో కథ. కాలిస్తే హైడ్రోజన్ క్లోరైడ్ కూడా పుడుతుంది. వెనక దాన్ని కడిగేసే స్క్రబ్బర్ లేకపోతే చిమ్నీ ఆమ్లమే కక్కుతుంది. పైగా క్లోరిన్ ఉత్ప్రేరకాన్ని మందగింపజేస్తుంది. ఉత్ప్రేరకం ఇలా దెబ్బతినడం కొత్తేమీ కాదు. 1950ల్లో యూజీన్ హౌడ్రీ కార్ల పొగకు తయారుచేసిన ఉత్ప్రేరకాన్ని పెట్రోలులోని సీసం పాడుచేసింది. అలాంటి పరికరం 1975 మోడల్ కార్లకు ఎక్కే ముందు అమెరికా బంకుల్లోకి సీసం లేని పెట్రోలు రావలసి వచ్చింది. ఇక్కడ మాత్రం కొత్త యంత్రం మీద ఒకసారి కొలిచిన అంకె ఏళ్ల తరబడి బ్రోషర్‌లో యవ్వనంగానే ఉంటుంది.

యంత్రాన్ని వేడిచేసే గ్యాస్ బిల్లు చూసి ఎవరైనా వేడి తగ్గిస్తే? మిథనాల్‌లో కొంత సగం దారిలో ఆగి, ఫార్మాల్డిహైడ్‌గా బయటికొస్తుంది. రిజిస్టరులో మాత్రం మిథనాల్ నాశనమైనట్టే రాసుకోవచ్చు.