అధిక పీడన మండలం వారి సముఖానికి బహిరంగ విన్నపం

మహారాజశ్రీ వాయవ్య ఐరోపా గగన సార్వభౌములు, అధిక వాయుపీడన మండలం వారి దివ్యసముఖానికి, ఇంగ్లండు తూర్పు, దక్షిణ తీరాల్లో ఇంటికప్పుల మీద నిలబడి ఉన్న టీవీ యాంటెన్నాల పక్షాన సమర్పించుకునే విన్నపం.

నేల మీది ప్రసార స్తంభం నుంచి ఇంటి యాంటెన్నాకు నేరుగా చేరే డిజిటల్ టెలివిజన్‌కు, అంటే డిష్షూ కేబులూ అక్కరలేని భూతల ప్రసారానికి, అడ్డు తగిలేవారి జాబితా బ్రిటన్‌లో చిన్నదేమీ కాదు. అయితే ఆ జాబితాలోని ఒక ఆకాశహర్మ్యం మీద న్యాయస్థానంలో విచారణ జరిగింది, మొబైల్ కంపెనీల టవర్ల వల్ల కలిగే చిక్కులను సరిచేయడానికి ఆ కంపెనీల ఖర్చుతోనే ఒక సంస్థ ఏర్పాటైంది, ఏలినవారి పేర మాత్రం ఇంతవరకు ఒక్క తాఖీదైనా వెళ్లలేదు. ఏలినవారు విచ్చేసి తెర చెదిరినప్పుడల్లా ప్రజలకు దక్కే సమాధానం వాతావరణం మారేదాకా ఓపిక పట్టమనడమే. ముద్దాయిని పిలవకుండానే కేసు మూసేయడం ఏ ధర్మశాస్త్రం ప్రకారమూ సబబు కాదు కనుక, అభియోగమైనా సముఖానికి చేరాలన్నదే ఈ లేఖ ఉద్దేశం.

తక్కిన ముద్దాయిలకు జరిగిన మర్యాద ఎలాంటిదో ముందు మనవి చేయడం అవసరం. తూర్పు లండన్‌లో 1990 నాటికి సుమారు 800 అడుగుల ఎత్తుకు లేచిన కానరీ వార్ఫ్ టవరు, తన స్టెయిన్‌లెస్ స్టీలు తొడుగుతో క్రిస్టల్ ప్యాలెస్ ప్రసార స్తంభానికీ వెనుకనున్న ఇళ్లకూ నడుమ నిలిచి బొమ్మను చెడగొట్టిందని వందలాది నివాసులు దావా వేయగా, ఒప్పందంతోనో అనుభవ హక్కుతోనో కట్టడి లేనంతవరకు సొంత స్థలంలో కట్టుకునే స్వేచ్ఛ యజమానికి ఉంటుందనీ, కిటికీలోంచి కనబడే దృశ్యం పోయినందుకు దావా చెల్లనట్టే టీవీ బొమ్మ పోయినందుకూ చెల్లదనీ 1997లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. అనుబంధ ప్రసార కేంద్రం ఒకటి పెట్టి ఇంజనీర్లు 1991లోనే చాలావరకు తీర్చిన చిక్కును న్యాయవాదులు మరో ఆరేళ్లు వాదించుకోవడం ఆ వృత్తి ఘనతగానే భావించాలి. అది అనలాగ్ కాలపు వ్యాజ్యమే అయినా అందులోని సూత్రం డిజిటల్ కాలానికి వారసత్వంగా వచ్చింది.

మొబైల్ వ్యవహారం ఇంత దూరం పోలేదు. 2013లో 4జీ సేవలకు వచ్చిన పట్టీలో టవర్ల ప్రసారం 791 మెగాహెర్ట్జ్ వద్ద మొదలవుతుంటే టీవీకి మిగిలిన చివరి ఛానెల్ 790 వద్ద ముగిసేది. ఇంత సన్నని గట్టును గుర్తించలేని యాంటెన్నా ఆంప్లిఫయర్లు, కావలసిన సంకేతాన్నీ అక్కరలేనిదాన్నీ కలిపి పెంచబోయి, తమ శక్తికి మించిన తాకిడితో రెంటినీ వికృతం చేస్తాయన్న భయంతో 23 లక్షల ఇళ్లు దెబ్బతినవచ్చని అంచనా వేశారు. నిజానికి దెబ్బతిన్నవి అందులో చాలా కొద్ది భాగమే, వాటిలో ఎక్కువ ఇళ్లకు ఒక ఫిల్టరు సరిపోయింది. ఇక నాసిరకం ఎల్ఈడీ బల్బులు, అడాప్టర్లు, నిప్పురవ్వలు రాల్చే పాత థర్మోస్టాట్లు చేసే అల్లరి చిల్లర నేరాల కిందికి వస్తుంది. టీవీ ఎప్పుడూ బాధితురాలేనని చెప్పడానికీ వీల్లేదు. వేల్స్‌లోని అబర్‌హోసన్ అనే పల్లెలో ప్రతి ఉదయం 7 గంటలకు ఊరి బ్రాడ్‌బ్యాండ్ కుప్పకూలడానికి కారణం ఒక ఇంట్లో ఆ వేళకు ఆన్ చేసే పాత టీవీయేనని 18 నెలల వెతుకులాట తరువాత 2020లో వెల్లడైంది.

ఏలినవారి పద్ధతి వీటన్నిటికంటే గంభీరమైనది. మామూలు రోజుల్లో గాలి పైకి పోయేకొద్దీ కిలోమీటరుకు సుమారు 6.5 డిగ్రీల సెల్సియస్ చొప్పున చల్లబడుతూ పలచబడుతుంది. దానితోపాటు రేడియో తరంగాన్ని వంచే గుణం, అంటే వక్రీభవన గుణకం, నెమ్మదిగా తగ్గడం వల్ల తరంగం నేలవైపు కొద్దిగా వంగి, దిగంతం దాటి కొంత దూరం పోయి, ఆ తరువాత ఆకాశంలోకి వెళ్లిపోతుంది. ఏలినవారు వేంచేసినప్పుడు పైనున్న గాలి నిదానంగా కిందికి దిగుతూ, ఒత్తిడికి వేడెక్కి పొడిబారుతుంది. అడుగున సముద్రం మీదో, మబ్బులేని రాత్రి చల్లారిన నేల మీదో చల్లని తేమగాలి అలాగే ఉండిపోతుంది. చల్లని గాలి మీద వెచ్చని గాలి కుండమీది మూకుడులా కూర్చునే ఈ స్థితినే ఉష్ణోగ్రతా విలోమం అంటారు.

ఆ మూత దగ్గర కొద్దిపాటి ఎత్తులోనే తేమ చప్పున పడిపోతుంది కాబట్టి వక్రీభవన గుణకమూ అంతే వేగంగా పడిపోతుంది. ఆ గుణకం 1 కంటే ఎంత ఎక్కువో చూసి, ఆ తేడాను పది లక్షలతో హెచ్చవేసి లెక్కించే కొలతలో, సాధారణంగా కిలోమీటరుకు 40 ఉండే తగ్గుదల 157ను దాటిందంటే తరంగపు వంపు భూగోళపు వంపును మించిపోతుంది. అప్పుడు తరంగం పైకి పోయే దారి లేక, నేలకూ ఆ పొరకూ నడుమ చిక్కుకొని, డక్టింగ్ అని పిలిచే ఈ మార్గంలో వందల కిలోమీటర్లు సాగిపోతుంది. ఉత్తర సముద్రమూ ఇంగ్లిష్ ఛానలూ ఇందుకు రాచబాటలు కావడం వల్ల, ఫ్రాన్స్, బెల్జియం, నెదర్లాండ్స్ ప్రసారాలు కెంట్, సఫోక్ తీరాల యాంటెన్నాలకు పిలవని అతిథులుగా దిగుతాయి. దేశమంతా ఎదురుచూసే నిర్మలమైన, గాలి కదలని రోజులే టీవీకి గడ్డురోజులు కావడం ఏలినవారి పాలనలోని ప్రత్యేకత.

వచ్చిన అతిథి అదే పౌనఃపున్యంలో వేరే కార్యక్రమం మోసుకొస్తాడు కనుక రిసీవరుకు అతడు కేవలం రొద. సొంత స్తంభపు తరంగమే ఏ భవనానికో తగిలి ఆలస్యంగా వచ్చే ప్రతిధ్వనిని తట్టుకోవడానికి మాత్రం డిజిటల్ పద్ధతిలో చక్కని ఏర్పాటు ఉంది. ఒక ఛానెల్‌లోని సమాచారాన్ని 6,817 ఉపవాహక తరంగాల మీద పరచి, ప్రతి విడత ముందూ 28 మైక్రోసెకన్ల రక్షణ వ్యవధి వదలడం వల్ల సుమారు 8 కిలోమీటర్ల చుట్టుదారిన వచ్చిన ప్రతిధ్వని కూడా హాని చేయదు. పరాయి ప్రసారం ప్రతిధ్వని కాదు గనుక ఆ కవచం దాని ముందు పనిచేయదు. బ్రిటన్‌లో వాడుకలో ఉన్న 64 స్థాయిల సంకేత విధానంలో బొమ్మ నిలవాలంటే కావలసిన సంకేతం అడ్డువచ్చేదానికన్నా సుమారు 100 రెట్లు బలంగా ఉండాలి. దూరదర్శన్ రోజుల్లో మేడెక్కి యాంటెన్నా తిప్పిన తెలుగు తరానికి బొమ్మ మసకబారడం, దాని పక్కన నీడబొమ్మ తేలడం తెలుసు. అనలాగ్ చెడుతూ చెడుతూ కూడా కథ అర్థమయ్యేలా చేసేది. డిజిటల్ మాత్రం దోషాలు సరిదిద్దుకోగలిగినంత సేపు నిక్షేపంగా ఉండి, ఆ హద్దు దాటగానే గళ్లుగళ్లుగా విరిగి మాయమవుతుంది.

అయితే అభియోగమంతా ఏలినవారి మీదే మోపడం న్యాయం కాదన్నది ఈ విన్నపంలోని అసలు సంగతి. ఏలినవారి రాక ఎవరికీ తెలియనిది కాదు. 2006లో జెనీవాలో ఐరోపా, ఆఫ్రికా, పశ్చిమాసియా దేశాలు కూర్చుని డిజిటల్ ఛానెళ్లు పంచుకున్న కాలానికే, అడ్డువచ్చే సంకేతం 1 శాతం కాలంలో ఎంత బలపడుతుందో చూసి ప్రణాళిక వేయడం ఆనవాయితీ. ఏడాదిలో 1 శాతమంటే సుమారు 88 గంటలు, అంటే ఆ మేరకు ఏలినవారికి ముందే ఇనాం రాసిచ్చినట్టే. ఆ తరువాత టీవీకున్న 470 నుంచి 862 మెగాహెర్ట్జ్ వరకు గల పట్టీలో పై భాగాన్ని రెండు విడతలుగా మొబైల్ సేవలకు కోసివ్వగా, 2020 నాటికి 694తో హద్దు పడి, 392 మెగాహెర్ట్జ్‌లో 224 మాత్రమే మిగిలాయి. ఇరుగుపొరుగు దేశాలదీ అదే దారి. ప్రసారాలన్నీ కొద్ది ఛానెళ్లలో ఇరుక్కున్నప్పుడు ఒకే పౌనఃపున్యాన్ని ఇంకా దగ్గర దగ్గరగా మళ్లీ వాడక తప్పదు. డక్టింగ్ ఎప్పటిదే. దానికి దొరికే లక్ష్యాలను పెంచింది మాత్రం ఆ పట్టీలను మొబైల్ కంపెనీలకు అమ్మే వేలంపాటలు.

యాంటెన్నాల ఇళ్లవారికి అందే సలహా, ఇలాంటి రోజుల్లో రీట్యూన్ చేయవద్దన్నది, నిజంగానే మంచిది. రీట్యూన్ అంటే రిసీవరు ఛానెళ్లన్నిటినీ కొత్తగా వెతికి జాబితా రాసుకోవడం కాబట్టి, ఆ పూట వినబడని సొంత కేంద్రాన్ని కొట్టేసి, ఎక్కడిదో దూరపు కేంద్రాన్ని చేర్చుకొని, ఏలినవారు నిష్క్రమించాక ఖాళీ తెరతో మిగులుతుంది. ఆంప్లిఫయరు తగిలించినా ఫలం శూన్యం, ఎందుకంటే అది ఇంటివాణ్నీ అతిథినీ సమానంగా బలపరుస్తుంది.

కాబట్టి ఏలినవారు ఇంగ్లిష్ ఛానల్ మీద బస చేయదలచినప్పుడు కాస్త గాలినైనా వెంటబెట్టుకొని వచ్చి ఆ విలోమపు పొరను చెదరగొట్టవలసిందనీ, అది రాజమర్యాదకు భంగమైతే ప్రసార లైసెన్సుల గడువు తీరే 2034 చివరిదాకా తమ వాటా 1 శాతాన్ని మించకుండా చూసుకోవలసిందనీ ప్రార్థన. ఈ విన్నపపు నకలు ఒకటి స్పెక్ట్రమ్‌ను వేలం వేసేవారికి కూడా పంపడమైనది. ఏలినవారికి లేని తపాలా చిరునామా వారికి ఉంది కనుక జవాబు అక్కడి నుంచి వచ్చినా అభ్యంతరం లేదు.

చిత్తగించవలెను.