మా బాత్రూం చూసిండ్రా?

ముచ్చింతల్‌లో 216 అడుగుల సమతామూర్తిని చూసి తిరిగొచ్చే చుట్టాలు, ఎట్లాగూ దారిలోనే ఉంది కదా అని పాల్మాకులలో ఓ పెద్దమనిషి ఇంటి దగ్గర ఆగుతారు. అక్కడే దొరికిపోతారు. మన పెద్దమనిషి కూర్చోమనడు, మంచినీళ్లు తెమ్మనడు. "ముందుగాల మా బాత్రూం చూద్దురు, రాండ్రి" అంటాడు. కాళ్లు కడుక్కుంటే గానీ లోపలికి రానివ్వడు. బాత్రూంలో అడుగు పెట్టడానికి బయట కాళ్లు కడుక్కోవాల్సిన ఇల్లు నేను చూసినంతలో అదొక్కటే.

ఈ రకం మనిషి శంషాబాద్ చుట్టుపక్కల కొత్తగా పుట్టాడు. 2008 మార్చిలో విమానాశ్రయం మొదలైంది, బెంగళూరు రోడ్డుకు అటూ ఇటూ ఉన్న చేలు ప్లాట్లయ్యాయి. చేతికొచ్చిన సొమ్ముతో కొందరు కార్లు కొన్నారు. కొందరు అన్నదమ్ముల మీద కోర్టుకెక్కారు. ఈయన బాత్రూం పగలగొట్టాడు.

మూలం తిరుపతి ప్రయాణం. జీవితంలో ఒక్కసారైనా విమానంలో పోదామని టెర్మినల్‌లో అడుగుపెడితే, చెయ్యి చాపగానే నల్లా తనంతట తానే నీళ్లు వదిలింది. ఆయన చెయ్యి తీశాడు, ఆగింది. మళ్లీ చాపాడు. వెనక వరుస పెరిగింది. వెంకన్న దర్శనం కంటే ఆ నల్లా దర్శనమే ఆయనకు ఎక్కువ పట్టుకుందని భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

పాత బాత్రూంకు వచ్చిన లోటేమీ లేదు. కింద తాండూరు బండలు, మూలన గోలెం, గోడకు బట్టలేసుకునే మేకులు. ఎన్ని నీళ్లు గుమ్మరించినా క్షణంలో జాలి దగ్గరికి పోయేవి. అయితే అది ఫొటోకు పనికిరాదు కదా.

గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చిన టైల్స్ తెచ్చాడు. ఒక్కోటి రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు, నిగనిగలాడే రకం. మేస్త్రీ మొత్తుకున్నాడు. "పటేలా, 8 అడుగుల రూముకు అంగుళం మీద వాటం ఉండాలె. కింద గరుకు టైల్ వేస్తే జారకుంట ఉంటది, ముక్కలు చిన్నగుంటే వాటం మంచిగ కుదుర్తది" అని చెప్పాడు. "వాటం పెడితే డిజైన్ వంకర కనపడ్తది. సమానంగ పరువు" అని ఈయన తేల్చేశాడు. మేస్త్రీ సమానంగానే పరిచాడు. ఇప్పుడు నీళ్లు జాలి వైపు పోవు, తలుపు వైపు వస్తాయి. స్నానం పది నిమిషాలు, వైపర్‌తో నెట్టడం అరగంట.

కమోడ్‌ది ఇంకో కథ. పాత గొట్టం నేలలోకి దిగుతుంది. ఈయనకు నచ్చిన కమోడ్ గొట్టం గోడలోకి పోతుంది. దుకాణంలో వాపసు తీసుకోం అన్నారు. కమోడ్ మార్చడం కుదరదు కాబట్టి గోడ మార్చారు. తీరా బిగించాక వాస్తు పండితుడు వచ్చి ముఖం తూర్పుకుందని నాలుక కరుచుకున్నాడు. తిప్పారు. ఇప్పుడు కూర్చుంటే మోకాళ్లు వాష్‌బేసిన్‌కు తగులుతాయి, ముఖం మాత్రం నిక్షేపంగా ఉత్తరానికే ఉంటుంది.

స్వచ్ఛ భారత్ కింద మరుగుదొడ్డి మొత్తానికి సర్కారు ఇచ్చింది 12,000 రూపాయలు. ఈయన షవర్ ఒక్కటే అంతకంటే ఎక్కువ. ఆ షవర్ చుట్టూ అద్దాల అడ్డుగోడ, లోపల నల్లరంగు నల్లాలు. బోరునీళ్లలోని లవణాల సంగతి దుకాణంలో ఎవరూ చెప్పరు, ఈయనా అడగలేదు. చుక్క ఆరిన చోటల్లా తెల్లటి మచ్చ. నల్లరంగు మీద అది మరీ కొట్టొచ్చినట్టు కనపడుతుంది. రోజూ పొద్దున నిమ్మచెక్కతో రుద్దుతాడు. చుట్టాలొచ్చే రోజైతే ముందు రోజు నుంచే ఎవరినీ స్నానానికి పోనివ్వడు.

ఎనభై దాటిన తల్లి మాత్రం ఒక్కసారే లోపలికి పోయింది. గోడ పట్టుకొని అటూ ఇటూ చూసి, "అంత బాగనే ఉంది గని బిడ్డా, బకెట్ ఏడ పెట్టాలె?" అని అడిగింది. షవర్ ఉంది, చెయ్యి చాపితే పారే నల్లా ఉంది, వెనక నుంచి వెలుగొచ్చే అద్దం ఉంది. బకెట్‌కు జాగా లేదు, పీటకు లేదు, పట్టుకొని లేవడానికి గోడకు ఒక కడ్డీ లేదు. ఆ ప్రశ్నకు ఆయన దగ్గర జవాబు లేక, "గిప్పుడు బకెట్లు ఎవరు వాడుతుండ్రే అవ్వా" అన్నాడు. ఆమె పెరట్లో పాత బండ మీదే తానం చేస్తుంది. చీకటితోనే లేచి ఆయన కూడా అక్కడే చేస్తాడని పక్కింటివాళ్లు చెప్పారు, నేను నమ్మాను.

మీ ఇంట్లో ఈ పని నడుస్తుంటే టైల్ రంగు మీ ఇష్టం, కమోడ్ దిక్కు మీ పండితుడి ఇష్టం. మేస్త్రీకి ఆఖరి పైసలిచ్చే ముందు మాత్రం బకెట్ నిండా నీళ్లు నేల మీద గుమ్మరించండి. అవి జాలి దాకా పోతేనే డబ్బులివ్వండి.