టిఫిను కేక: టీకా తాత్పర్య సహితం

అవతారిక. ఉదయం ఎనిమిది గంటల రద్దీలో టిఫిను హోటలు సర్వరు వంటగది కిటికీ వైపు తిరిగి వేసే కేకను లోకం చప్పుడుగా లెక్కిస్తుందే తప్ప వాక్యంగా గుర్తించదు గనుక, దానికి వ్యాఖ్య అవసరమైంది.

మూలం. రెండిడ్లీ, ఒక ఎమ్మెల్యే, ఉల్లి వద్దు, మూడుకీ... మాస్టరూ!

ప్రతిపదార్థం. మాస్టరూ = పెనమునకు అధిపతివైన ఓ వంటవాడా; మూడుకీ = మూడవ బల్ల వద్ద కూర్చున్నవారికి; రెండిడ్లీ = రెండు ప్లేట్ల ఇడ్లీని (ప్లేటుకు ఎన్ని అన్నది ఆ హోటలు సంప్రదాయాన్ని బట్టి తెలియవలెను); ఒక ఎమ్మెల్యే = ఉప్మా పొదిగిన ఒక పెసరట్టును; ఉల్లి వద్దు = ఉల్లిముక్కలు చల్లకుండా; 'ఇమ్ము' అనే క్రియ అధ్యాహారం, అనగా పైకి అనకపోయినా కలుపుకోవలసినది.

విశేషం. 'ఎమ్మెల్యే' అంటే శాసనసభ్యుడని గ్రహించినవాడికి ఆకలి తీరదు. వ్యుత్పత్తితో పనిలేకుండా వాడుకచేత స్థిరపడిన ఈ అర్థాన్ని రూఢి అంటారు. పదాలు కలిసి వాక్యార్థాన్ని ఇవ్వడానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడూ కావాలని తర్కసంగ్రహంలో అన్నంభట్టు చెప్పిన నియమం ఈ కేకకూ వర్తిస్తుంది. ఒక పదం మరొక పదాన్ని కోరడం ఆకాంక్ష. పదాల మధ్య జాప్యం లేకపోవడం సన్నిధి. 'ఒక ఎమ్మెల్యే' అని పెసరట్టు తిరగేసిన తర్వాత 'ఉల్లి వద్దు' అనే సర్వరు ఈ నియమాన్ని ఉల్లంఘించినవాడే. చెప్పినది జరగడానికి వీలైనదై ఉండడం యోగ్యత.

మూలంలో దోషమున్నది ఈ యోగ్యత దగ్గరే. కార్తీక సోమవారం గనుక మూడో టేబులువారు ఉల్లి వద్దన్నారు, కాని ఉప్మాలో ఉల్లి తెల్లవారుజామునే పడిపోయింది. అప్పుడు మాస్టరు "ఉప్మాలో ఉల్లి ఉంది, ఉత్త పెసరట్టు వెయ్యమంటావా, అడుగు" అంటాడు. "ఆ మాత్రం తెలీదా" అనడు. తప్పెవరిదని వెతకకుండా చిక్కు విప్పే ఈ మాటతీరును అమెరికా పరిశోధకురాలు జోడీ హాఫర్ గిట్టెల్ విమానాలను వేళకు బయలుదేరదీసే సిబ్బందిలో గమనించి, సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్‌పై 2003లో వెలువరించిన గ్రంథంలో చర్చించింది. గమ్యం ఒకటే కావడం, ఒకరి పని మరొకరికి తెలిసి ఉండడం, పరస్పర గౌరవం అనే మూడింటిపై నిలిచే ఈ పొందికకు ఆమె పెట్టిన పేరుకు సంబంధాధారిత సమన్వయం అని అర్థం.

ఇక సంబోధన. కేకలో చివర ఉన్న 'మాస్టరూ' అన్వయంలో మొదటికి రావడం వ్యాకరణ మర్యాద మాత్రమే కాదు, పని జరిగే క్రమం కూడా. విలియం ఫుట్ వైట్ 1948 నాటి గ్రంథంలో అమెరికా రెస్టారెంట్లను పరిశీలించి, తమను పైస్థాయివారుగా ఎంచుకునే వంటవారికి వడ్డించే స్త్రీలు పని పురమాయించవలసి రావడమే అక్కడి కలహాలకు ఒక మూలమని గుర్తించాడు. ఆర్డరు చీటీలను గుచ్చే ఇనుప ముల్లు ఆ రాపిడిని తగ్గించింది. ఎవరూ ఎవరినీ ఆజ్ఞాపించినట్టు ఉండదు, చీటీల వరుసను వంటవాడే చూసుకుంటాడు. నేటి కేవోటీ, అనగా వంటగదికి వెళ్లే ఆర్డరు చీటీ, ఆ ముల్లుకు వారసురాలు. అయితే చీటీలో ఇడ్లీ పడుతుంది, బల్ల సంఖ్య పడుతుంది, సంబోధన పడదు. ఉప్మాలో ఉల్లి ఉన్న సంగతి చీటీకి ఎదురు చెప్పడానికీ వీలులేదు.

తాత్పర్యం. ఓ మాస్టరూ, నీ పని నాకు తెలుసు, నా తొందర నీకు తెలుసు, మూడో టేబులువారు వాచీ చూసుకుంటున్నారు.

పాఠాంతరం. 'మాస్టరూ' అన్నచోట 'ఏయ్' అని కొన్ని హోటళ్ల పాఠం. అర్థానికి భంగం లేకపోయినా, ఆ పాఠం చెల్లుతున్నచోట మూడో టేబులు అట్టు ఏడో టేబులు అట్టు తర్వాతనే వస్తున్నందున అది అగ్రాహ్యం.