ఇంటోళ్ల లెక్క

మంథనిలో ఆయనను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. లెక్కల సారు అంటే చాలు, ఇల్లు చూపిస్తారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనంక, మంథని మీద ఒక వెబ్‌సైట్ పెట్టాడు.

గోదావరి ఒడ్డున ఉన్న గౌతమేశ్వరాలయం, ఊరికి మంత్రపురి అన్న పాతపేరు, వేదం చెప్పుకున్న ఇళ్లు, 2015 పుష్కరాల నాటి రద్దీ, 1957 నుంచి 1972 దాకా వరుసగా నాలుగు ఎన్నికల్లో పీవీ నరసింహారావును ఇక్కడివాళ్లు అసెంబ్లీకి పంపిన సంగతి, ఒక్కొక్కటే రాసుకుంటూ వచ్చాడు. 2022 జూలైలో గోదావరి ఊళ్లోకి వచ్చినప్పుడు ఏ గల్లీలో నీళ్లు ఎంత ఎత్తు లేచాయో, వరద తీసినంక గోడల మీది మరకలకు టేపు పెట్టి కొలిచి రాశాడు. ఎవరో చెప్పారని ఒక్క అంకె వేయలేదు. ప్రతి ఊరికీ ఇలాంటి మనిషి ఒకరుండాలి.

సైటు తయారుచేసి ఇచ్చింది జిరాక్స్ షాపు పిల్లగాడు. సెంటినరీ కాలనీలోని జేఎన్‌టీయూ కాలేజీలో ఇంజనీరింగ్ చదివి, నౌకరి దొరికేదాకా తండ్రి షాపులో కూర్చుంటున్నాడు. సైటుకు ఏ ఊరినుంచి వచ్చారో, ఎన్ని పేజీలు చూశారో చూపించే గూగుల్ అనలిటిక్స్‌ను కూడా వాడే పెట్టిచ్చాడు.

సారు పొద్దున్నే చాయ్ తాగి, కంప్యూటర్ ముందర కూర్చుని, నిన్నటి లెక్క నోటుబుక్కులో ఎక్కించేవాడు. తేదీ, ఊరు, పేజీలు. రోజుకు ముప్పైకి తగ్గేది కాదు. దాదాపు అన్నీ హైదరాబాద్ నుంచే. అప్పుడప్పుడు గోదావరిఖని ఒకటి, కరీంనగర్ ఒకటి. రోజూ తప్పకుండా అమెరికా నుంచి రెండు. వర్జీనియా రాష్ట్రం, ఆష్‌బర్న్.

సారు కొడుకు ఉండేది ఆష్‌బర్న్‌లోనే.

ఆ పేరు మొదటిసారి కనబడ్డ రోజు వంటింట్లో ఉన్న భార్యను పిలిచి, అక్షరాలు పెద్దగా చేసి చూపించాడు.

"గిదేనా ఆని ఊరు?" అన్నది ఆమె.

"గిదే. రెండు పేజీలు చదివిండు."

ఆమె కొంగుతో చేయి తుడుచుకుని, తెర మీది ఆ వరుసను వేలుతో ముట్టి చూసింది.

కొడుకు ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తాడు. ఆ ఆదివారం సారు అడిగాడు. "నేను రాసేటియి చదువుతున్నవారా?"

"చదువుతున్న బాపూ. రోజూ పండుకునే ముందు."

"ఫోన్లనా?"

"లేదు. ఇంట్ల కంప్యూటర్లనే. ఫోన్ల అక్షరాలు చిన్నగుంటయి గదా."

అప్పటినుంచి ఆమె పొద్దున అడిగే మొదటి మాట ఒకటే అయింది. "చూసిండా?"

"చూసిండు."

అది విన్నాకనే పొయ్యి దగ్గరికి పోయేది. కొడుకు రెండు నిమిషాలు మాట్లాడి ఫోన్ పెట్టేస్తాడని అంతకుముందు బాధపడేది. ఇప్పుడు ఆ మాట ఎత్తడం మానేసింది. రోజూ బాపు రాసింది చదువుతున్నోడు ఫోన్ల ఎంతసేపు మాట్లాడితే ఏంది, అనేది.

హైదరాబాద్‌లో ఇంత శ్రద్ధగా చదువుతున్నది ఎవరో తెలుసుకోవాలని సారుకు అనిపించింది. జిరాక్స్ షాపుకు పోయి అడిగాడు. పిల్లగాడు తెరిచి చూశాడు.

"హైదరాబాద్ గాదు సార్. మీరే."

"నేను మంథనిల ఉన్న గదరా."

"మీ నెట్ కనెక్షన్ అడ్రస్ హైదరాబాద్‌ది చూపిస్తది. మీరు తప్పులు దిద్దుకుంట ఎన్నిసార్లు పేజీ తెరిస్తే అన్నిసార్లు లెక్కల పడుతది."

సారు నోటుబుక్కు మూశాడు. సర్వీసులో ఉండగా చాలా ఎన్నికల్లో ప్రిసైడింగ్ ఆఫీసరుగా పనిచేసిన మనిషి.

"పోలింగ్ మొదలు గాకముందు ఏజెంట్ల ముందర యాభై ఓట్లు ఏసి మిషన్ సక్కగున్నదా లేదా చూస్తం. మాక్‌పోల్ అంటరు. చూసినంక క్లియర్ బటన్ నొక్కి అన్నీ చెరిపేస్తం. చెరపకుంట పోలింగ్ షురూ చెయ్యొద్దు. ఇన్ని దినాలు నేను మాక్‌పోల్ ఓట్లే లెక్కవెట్టుకున్ననారా?"

"చాలామంది గట్లనే చూసుకుంటరు సార్."

"నన్ను తీసెయ్యి."

ఆ పని పిల్లగాడు శ్రద్ధగా చేశాడు. సొంత రాకపోకలను అనలిటిక్స్‌లో ఇంటర్నల్ ట్రాఫిక్ అంటారు. సారు ఇంటి నెట్ కనెక్షన్ ఐపీ అడ్రస్ కనుక్కుని ఆ జాబితాలో చేర్చాడు. చేర్చినంత మాత్రాన పని కాదు. ఆ వడపోత మొదట టెస్టింగ్‌లోనే ఉంటుంది. దాన్ని యాక్టివ్‌కు మార్చితేనే లెక్కలోంచి పోతుంది. చాలామంది ఇక్కడే మరిచిపోతారు. పైగా కరెంటు పోయి రూటర్ మళ్లీ వెలిగినప్పుడు ఐపీ అడ్రస్ మారవచ్చు. ఒకే అడ్రస్‌ను ఎన్నో ఇళ్లు పంచుకోవడం కూడా ఉంటుంది, అప్పుడు మనతో పాటు పక్కింటివాళ్లూ లెక్కలోంచి పోతారు. అందుకని సారు వాడే బ్రౌజర్‌లో గూగుల్ ఇచ్చే ఆప్ట్-అవుట్ యాడ్-ఆన్ కూడా వేశాడు. అది ఉన్నంతకాలం ఆ బ్రౌజర్ నుంచి అనలిటిక్స్‌కు లెక్క అందదు.

"పాత లెక్క?" అన్నాడు సారు.

"అది పోదు సార్. ఈ వడపోత ఇయ్యాల్టి సంది వచ్చేటియాటికే. అయిపోయినయాటిని ముట్టదు."

సారు ఇంటికి పోయి ఎర్రపెన్ను తీసి, నోటుబుక్కు మొదటి పేజీ నుంచి హైదరాబాద్ అని ఉన్న ప్రతి వరుసనూ స్కేలు పెట్టి కొట్టేశాడు. పొద్దుగూకేదాకా అదే పని. కొట్టివేత లేని పేజీ ఒక్కటీ మిగల్లేదు. కొట్టివేతల నడుమ ఆష్‌బర్న్ వరుసలు మాత్రం నీలిసిరాతో అట్లాగే ఉన్నాయి.

రెండు రోజులకు హైదరాబాద్ తెర మీదనుంచి పోయింది. ఆష్‌బర్న్ రెండు. గోదావరిఖని ఒకటి. మొత్తం మూడు.

భార్య తొంగి చూసి, "గింతేనా?" అన్నది.

"గింతే. నిజం గింతే."

ఆయన బాధపడినట్టు లేదు. ఆ వారమే దేవాలయాల మీద ఇంకో వ్యాసం మొదలుపెట్టాడు. కానీ లెక్క మనిషికి లెక్క ఇంకా తేలలేదు. మూడోనాడు మళ్లీ షాపుకు వచ్చాడు.

"ఇంటోళ్లను తీసెయ్యాలంటివి. మావోడు ఇంటోడు గాదా? వాడు చదివింది గూడ తియ్యాలె గద."

పిల్లగాడు జిరాక్స్ మిషన్ ఆపాడు. సైటు లెక్కల పేజీ తెరిచి, ఆష్‌బర్న్ వరుస వెంట కుడివైపుకు చూసుకుంటూ పోయాడు. పేజీ మీద మనిషి సగటున ఎంతసేపు ఉన్నాడో చెప్పే గడి ఒకటి ఉంటుంది. అందులో సున్నా సెకన్లు అని ఉంది. పిల్లగాడు ఆ గడిని కొంతసేపు చూసి, పేజీ మూసేశాడు.

"అమెరికాది ఉండనీయిండ్రి సార్."

"ఎందుకుండాలె?"

"దూరం గద సార్."

"దూరమైతే ఇంటోడు గాకపోతడా?"

పిల్లగాడి దగ్గర దానికి జవాబు లేదు.

సారు అక్కణ్నుంచే కొడుక్కు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. నీ కంప్యూటర్ ఐపీ అడ్రస్ పంపు, నీ లెక్క తీసెయ్యాలె, అని. అవసరమా బాపూ, అని వచ్చింది. అవసరమే, అని సారు రాశాడు. కొంతసేపటికి అంకెల వరుస ఒకటి వచ్చింది. పిల్లగాడు దాన్ని సారు ఇంటి అడ్రస్ కిందనే చేర్చాడు.

ఆ సాయంత్రం సారు భార్యతో ముందే చెప్పి పెట్టాడు. "రేపో ఎల్లుండో ఆష్‌బర్న్ పోతది. పోతే వాడు చూస్తలేడనుకునేవు. చూస్తడు. లెక్కల రాడు, గంతే."

"మరి నాకెట్ల తెలుస్తది?"

"నేను చెప్త గద."

రెండు రోజులు గడిచాయి. గోదావరిఖని లేదు. ఆష్‌బర్న్ రెండు.

వడపోత అంటుకునేసరికి ఒకటిన్నర రోజు దాకా పట్టవచ్చని పిల్లగాడు చెప్పి ఉన్నాడు. సారు ఇంకో రెండు రోజులు ఓపిక పట్టాడు. ఆష్‌బర్న్ రెండు. మర్నాడు పొద్దున నోటుబుక్కు చంకలో పెట్టుకుని షాపుకు వచ్చాడు.

"సక్కగ పెట్టినవారా?"

పిల్లగాడు తెరిచి చూపించాడు. యాక్టివ్ అనే ఉంది. కొడుకు పంపిన అంకెలను వాట్సాప్‌లో ఉన్నవాటితో సారే ఒక్కొక్కటీ పోల్చి చూశాడు. ఒక్కటీ తప్పు పోలేదు.

"మరి గీ రెండు ఎవలియి?"

పిల్లగాడు అప్పుడు చెప్పాడు. ఆష్‌బర్న్ చుట్టుపక్కల ఉన్నన్ని డేటా సెంటర్లు ప్రపంచంలో ఇంకెక్కడా ఒక్కచోట లేవు. వెబ్‌సైట్లన్నీ తిరిగి చూసిపోయే ప్రోగ్రాములు ఎన్నో అక్కడి కంప్యూటర్ల నుంచి నడుస్తాయి. తెలిసినవాటిని అనలిటిక్స్ తనంతట తనే వదిలేస్తుంది, తెలియనివి లెక్కలో పడతాయి. ఇక్కడి నుంచి అక్కడిదాకా ఎందరి సైట్లలోనో ఆ ఊరిపేరు ఇట్లాగే కనబడుతుంది.

"మనుషులు గాదు సార్. మిషన్లు."

"నీకు ముందుగాలనే ఎరుకనా?"

"ఎరుకనే సార్."

సారు నోటుబుక్కు తీసుకుని ఇంటికి పోయాడు. మర్నాడు పొద్దున భార్య అలవాటుగానే అడిగింది.

"చూసిండా?"

"చూసిండు," అన్నాడు సారు.

ఆదివారం ఫోన్ వచ్చింది. అమ్మతో రెండు మాటలు అయినంక కొడుకే ఆ సంగతి ఎత్తాడు.

"నా లెక్క తీసేసినవా బాపూ?"

"తీసేసిన."

"మరి ఎంత తగ్గింది?"

"ఒక్కటి గూడ తగ్గలేదురా."