ఒకే స్తంభం, రెండు తీగలు

ఆ మధ్య మా బ్రాంచి ఆఫీసుకు ఎస్‌డీ-వ్యాన్ వచ్చింది. "ఎక్కడ పార్క్ చేశారండీ?" అని అడిగాడు మా అటెండరు. తీరా చూస్తే అదొక చిన్న డబ్బా, ముందు నాలుగు పచ్చ దీపాలు. దాన్ని తెచ్చిన టైకట్టు పెద్దమనిషి పీపీటీ ముగించి, "ఇక మీ నెట్‌వర్క్ పడిపోదు సార్" అని అభయమిచ్చాడు.

డబ్బా తెలివిని నేను కాదనను. వెనక బ్రాంచీలను హెడ్డాఫీసుతో కలపాలంటే ఎక్కువగా టెలికాం కంపెనీల ఎంపీఎల్‌ఎస్ అనే ప్రైవేటు లైన్లే గతి. వాటి బిల్లు చూస్తే గుండె గుభేలు. పైగా క్లౌడ్‌లో ఉన్న మెయిల్ చూడాలన్నా చాలాచోట్ల ముందు హెడ్డాఫీసు గడప తొక్కి రావాలి. ఈ డబ్బా అయితే మామూలు బ్రాడ్‌బ్యాండయినా, 4జీ సిమ్మయినా, ఏది దొరికితే దాంట్లోనే ఎన్‌క్రిప్ట్ చేసిన టన్నెల్ వేసుకుంటుంది. ఏ దారిలో ఎంత ఆలస్యం, ఎన్ని ప్యాకెట్లు దారిలో పోతున్నాయి అని ఎప్పటికప్పుడు కొలుస్తుంది. ఫోన్ కాల్‌ను మంచి దారిలో, బ్యాకప్‌ను తీరుబడి దారిలో తోలుతుంది. నియమం హెడ్డాఫీసులో ఒక్కసారి రాస్తే చాలు, వంద బ్రాంచీలూ పాటిస్తాయి. 2017లో సిస్కో 61 కోట్ల డాలర్లు పోసి ఈ ఎస్‌డీ-వ్యాన్‌లు చేసే విప్టెలాను కొన్నది ఊరికే కాదు.

నా పేచీ అంతా ఆ "పడిపోదు"తోనే. రెండు కంపెనీల లైన్లు తీసుకున్నాం. ఖర్చు మిగిలిందని ఎంపీఎల్‌ఎస్ పీకేశాం. సిమ్ దండగన్నారు, ఆ స్లాట్ ఖాళీ. ఓ మధ్యాహ్నం ఇసుక టిప్పర్ ఒకటి వీధి మలుపులో తీగల మోపును లాక్కుపోయింది. రెండు లైన్లూ హుళక్కి. బయటికెళ్లి చూద్దుము గదా, పక్కకు ఒరిగిన కరెంటు స్తంభం కింద రెండు రంగుల చొక్కాల్లో ఇద్దరు కుర్రాళ్లు, మధ్యలో ఒకే నిచ్చెన. ఒకడు దిగితే ఇంకొకడు ఎక్కాలి.

లోపల డబ్బా మాత్రం తన ధర్మం తప్పలేదు. మొదటి దారిలో నూటికి నూరు నష్టం, రెండో దారిలోనూ నూటికి నూరు. రెంటిలో ఏది మేలో తేల్చే పనిలో ఉంది పాపం. హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేస్తే, "డ్యాష్‌బోర్డులో క్లియర్‌గా కనిపిస్తోంది సార్, మీ సైట్ డౌన్" అన్నారు. ఆ ముక్క చెప్పించుకోడానికే ఏటేటా లైసెన్సు కడుతున్నాం.

ఇది మా వీధి గోలే కాదు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కరెంటు షాకుకు ప్రాణాలు పోయాక, హైదరాబాద్‌లో స్తంభాల మీది ఇంటర్నెట్ కేబుళ్లను కత్తిరించారు. కత్తెర కంపెనీ పేరు చూసి కోయదు.

సాఫ్ట్‌వేర్ ఉన్న దారుల్లో మంచిది ఎంచుతుంది. లేని దారిని వేయదు. బిల్లులు రెండు వచ్చినంత మాత్రాన దారులు రెండైపోవు. పీపీటీలో ఆఫీసుకూ ఆఫీసుకూ మధ్య తెల్లటి మబ్బు బొమ్మ వేస్తారు. మా వీధిలో మబ్బు లేదు, స్తంభమే ఉంది.

వచ్చే నెల రెన్యువల్‌కు ఆ పెద్దమనిషి మళ్లీ వస్తాడట. ఈసారి ప్రొజెక్టరు పెట్టం. కాఫీ చేతికిచ్చి, వీధిలోకి తీసుకెళ్లి, ఆ ఒరిగిన స్తంభం కింద నిలబెట్టి, "పడిపోదు" అని ఇంకోసారి అనమంటాం.