గులాబీకి దసరా క్షవరం

మేడ మీది గులాబీ కుండీలోకి పొద్దున టీపొడి పిప్పి, మధ్యాహ్నం ఉల్లిపొట్టు నానబెట్టిన నీళ్లు, సాయంత్రం అరటితొక్క, ఆదివారమైతే కోడిగుడ్డు పెంకులు వెళ్తుంటాయి. ఇంత పెట్టినా పూయదేమని ఇంటిల్లిపాదీ బెంగ. గులాబీకి కొరత తిండిది కాదు, క్షవరానిదని నా వాదన. కొత్తగా తొడిగిన చిగురు కొసనే అది మొగ్గ వేస్తుంది. ముదురు కొమ్మలను అలాగే ఉంచి ఎంత మేపినా ఏం లాభం? పైగా గుడ్డు పెంకు మట్టిలో కరగడానికి తీసుకునే వ్యవధి చూస్తే, దాని ఫలం మనవళ్లకు దక్కేలా ఉంది.

దసరా దాటి వానలు వెనకపట్టాక, అంటే అక్టోబరు నడిమికి, కత్తెర బయటికి తీయాలి. ఎండుపుల్లలు, లోపలికి పెరిగి ఒకదాన్నొకటి రాసుకునేవి, పెన్సిలుకన్నా సన్ననివి ముందు పోవాలి. మిగిలిన గట్టి కొమ్మలను సగానికి, బయటివైపు చూసే కన్నుకు పావు అంగుళం పైన, ఏటవాలుగా కోయాలి. కోసినచోట బోర్డో పేస్టు రాయకపోతే కొమ్మ పైనుంచి కిందికి నల్లబడుతూ ఎండుకుపోవచ్చు. పశువుల ఎరువు, వేపపిండి వేయాల్సిందీ అప్పుడే. కొద్దిరోజుల్లో ఎర్రెర్రని చిగుళ్లొస్తాయి, ఆరేడు వారాల్లో పూలు. డిసెంబరు చలికి పువ్వు పెద్దదవుతుంది, రంగూ చిక్కబడుతుంది. 'మొగ్గ ఉన్న కొమ్మను కోయడానికి చేతులెలా వస్తాయండీ?' అంటారు. చిక్కంతా అక్కడే. కొసన బక్కచిక్కిన మొగ్గ ఒకటి కనబడితే చాలు, రోగిష్టి కొమ్మంతటికీ ప్రాణభిక్ష పెట్టేస్తాం.

పెరట్లో నాటు గులాబీ ఏ కత్తిరింపూ లేకుండా పూయడం లేదా అన్నది ఇంకో అభ్యంతరం. ఎందుకు లేదు? జడకనీ, పూజకనీ రోజూ కాడతో సహా తుంపుతూనే ఉంటారు కదా. అదీ క్షవరమే, కాకపోతే వాయిదాల పద్ధతి! పైగా అది సాధారణంగా సొంత వేళ్ల మీద నిలబడ్డ మొక్క. కడియం నర్సరీల నుంచి వచ్చే పెద్దపూల రకాలు ఎక్కువగా వేరే జాతి గులాబీ మీద కట్టిన అంట్లు. అంటు కిందనుంచి ఏపుగా ఓ కొమ్మ లేస్తుంది. తొట్టిలో అంత పచ్చగా ఇంకేదీ ఉండదు కనుక దాన్ని చూసి మురిసిపోయి మరో చెంబెడు నీళ్లు పోస్తాం. అది అసలు మొక్క తిండి తిని బలిసే కొమ్మ. మొదలంటా పీకేయాల్సిందే.

చలిదేశాల పుస్తకాలు, వీడియోలు చూసేవారు కత్తిరింపు ఫిబ్రవరి, మార్చిల్లో కదా అంటారు. అక్కడ మంచు కరిగాక చిగురించాలి కనుక ఆ లెక్క సరిపోతుంది. అదే లెక్క హైదరాబాదులో పాటిస్తే లేతచిగురు సరిగ్గా ఏప్రిల్ ఎండకు అందివస్తుంది. మన ఎండాకాలంలో కత్తెర దాచేసి, మొక్క మొదట్లో ఎండుటాకులు పరిచి, ఆకుల అడుగున చేరే ఎర్రనల్లిని పొద్దున్నే పైపు నీళ్లతో కడిగేస్తే చాలు. వానలొచ్చాక మాత్రం ఆకులు తడపొద్దు, నల్లమచ్చ తెగులుకు ఆ తడే కావాలి. మే నెల మొగ్గలనైతే గిల్లేయడమే మేలు. మధ్యాహ్నానికి తలవాల్చే గుండీ అంత పువ్వు కోసం మొక్క ఒళ్లు హూనం చేసుకోనక్కర్లేదు.